ఎంత మేర వెతికావు?

వాన పడి పది రోజులైందంటే నాకు చెరువు కట్ట మీద పని ఉన్నట్టే. నాలుగు వెదురు పుల్లలు, ఒక నులకతాడు చాలు. పుల్లలు పాతి తాడు చుడితే అటు మీటరు, ఇటు మీటరు చదరం. మోకాళ్ల మీద కూర్చుని అందులో మొలిచిన ప్రతిదాన్నీ నోటుబుక్కులో రాసుకుంటాను. మొన్న ఆదివారం మొదటి చదరంలో గరిక, తుంగ, పల్లేరు, తుమ్మి, నేల ఉసిరి, ఉత్తరేణి, గలిజేరు, నాకు పేరు తెలియని గడ్డి ఒకటి. మొత్తం ఎనిమిది. రెండోదాంట్లో కొత్తవి రెండే. అయిదో చదరానికి వచ్చేసరికి కొత్త పేరే దొరకలేదు.

మేకలు తోలుకుపోతున్న పెద్దాయన ఆగి చూశాడు. "ఈడ ఎంతసేపు చూసినా ఉండేది ఒగటే నాయనా. వంకలోకి దిగు, ఆడ వేరే" అన్నాడు. దిగాను. అదే తాడు, అదే కొలత. ఉన్నవి ఆరే, కానీ పొన్నగంటి, గుంటగలగర, తూటికూర, ఇంకో నీటిగడ్డి, ఈ నాలుగూ కట్ట మీద లేనివి.

ఆయన ఒక్క మాటలో తేల్చిన సంగతికి 1960లో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ విట్టేకర్ పేర్లు పెట్టాడు. ఆరెగాన్, కాలిఫోర్నియా సరిహద్దున ఉన్న సిస్కియూ కొండల్లో చెట్టూ చేమా లెక్కగట్టి, ఒక చోట ఉన్న జాతుల వైవిధ్యాన్ని ఆల్ఫా అన్నాడు, ప్రాంతమంతటి వైవిధ్యాన్ని గామా అన్నాడు. ఒక చోటికీ మరో చోటికీ ఉన్న తేడా బీటా. నా దృష్టిలో అసలు సంపద ఈ బీటాయే. కట్టకూ వంకకూ మధ్య ఉన్న ఆ ఇరవై అడుగుల తేడా చెడితే ఊరి లెక్క పడిపోతుంది.

ఎంత మేర వెతికామో చెప్పకుండా జాతుల సంఖ్య చెప్పడం, ఎన్ని ఎకరాలో చెప్పకుండా ఇన్ని బస్తాలు పండాయని చెప్పడం లాంటిది. పైగా జాతులు ఎకరాల లెక్కన పెరగవు. దీవుల మీద చేసిన లెక్కల్లో, వైశాల్యం పదింతలైతే జాతులు దాదాపు రెట్టింపు అవుతాయని తేలింది.

ఎంత మేర వెతికామన్నది మా కడప జిల్లాలో చావుబతుకుల సమస్య. కలివికోడి అనే పక్షిని 1848లో ప్రకృతి పరిశోధకుడు జెర్డాన్ లోకానికి తెలిపాడు. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986లో లంకమల కొండల దాపున, రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. పల్చటి ముళ్లపొదల మధ్య రాత్రిపూట తిరిగే పక్షి. కంటపడదు కాబట్టి, పొదల సందుల్లో మెత్తటి మన్ను పరిచి, తెల్లారాక కాలిగుర్తులు వెతికేవారు. ఇంత చిన్న కొలత, అంత పెద్ద ప్రశ్నకు.

అలాంటి ముళ్లపొదలను చదును చేసి, నీళ్లు పెట్టి తోట వేశారనుకోండి. గోరింకలు, పిగిలిపిట్టలు, పిచ్చుకలు వస్తాయి. ఆ పదెకరాల్లో పక్షుల జాతులు పెరిగినా పెరుగుతాయి. జిల్లా లెక్కలో కలిసింది ఏమీ లేదు, అవి ప్రతి ఊళ్లో ఉన్నవే. భూమి లెక్కలో మాత్రం, ఇంకెక్కడికీ పోలేని ఒక పక్షికి ఉన్న కాస్త చోటూ పోయింది. తోట దగ్గర నిలబడి "పక్షులు పెరిగాయి కదా" అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. తాడు చిన్నదిగా వేశారు, అంతే.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థల్లో జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు వేయాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. నేను చూసిన ఒక ఊరి రిజిస్టరులో మొక్కల పేర్లు వరసగా ఉన్నాయి. గట్టు మీదిదేదో, వంకలోదేదో, ఎవరు ఏ నెలలో చూశారో లేదు. పదేళ్ల తర్వాత వంక పూడిపోతే, పోయినదేమిటో ఆ పుస్తకం చెప్పలేదు.

మీ పంచాయతీలో రిజిస్టరు ఉందేమో అడిగి చూడండి. ఉంటే, ప్రతి పేరు పక్కన చోటు, నెల, ఎంత మేర వెతికారన్నది రాయించండి. రాయించేటప్పుడు మేకల కాపరిని పక్కన కూర్చోబెట్టుకోండి.