తోతాపురి పులుపు, టెట్రా ప్యాక్ పనితనం

పాకాల దగ్గర దామలచెరువు ఉంది. మామిడి కాలంలో అక్కడి మండీలకు తోతాపురి లోడు ట్రాక్టర్లు బారులు తీరి వస్తాయి. కొసన చిలుక ముక్కులా వంకీ తిరిగిన ఈ కాయకు ఇంట్లో బంగినపల్లికున్న మర్యాద లేదు. ఇది ఎక్కువగా గుజ్జు ఫ్యాక్టరీలకే పోతుంది.

మామిడి గుజ్జుతో చేసే పానీయాల్లో మాజా 1976లో వచ్చింది, 1993లో కోకా కోలా చేతికి పోయింది. 1985లో పార్లే ఆగ్రో ఫ్రూటీని టెట్రా ప్యాక్‌లో తెచ్చింది. ఫ్రిజ్ లేని పల్లె కొట్టులోనూ చెడకుండా ఉండటం వల్లే మామిడి రసం బస్టాండుకీ, బడి ముందు బంకుకీ చేరింది. 2011లో కోకా కోలా, జైన్ ఇరిగేషన్ కలిసి చిత్తూరు జిల్లాలో ఒత్తుగా మొక్కలు నాటే ఉన్నతి పథకం మొదలుపెట్టాయి.

ఫ్యాక్టరీలో అసలు నేర్పు కాయను మాగబెట్టడంలోనే ఉంది. ఇథిలీన్ గ్యాసు పెట్టిన గదుల్లో కాయలన్నీ ఒకే తీరుగా పండాలి. కొన్ని పచ్చిగా మిగిలితే ఆ వాసన గుజ్జంతటికీ పాకుతుంది. పండ్లు కడిగాక తొడిమ దగ్గర కోసి, మచ్చలున్న చోట చెక్కేస్తారు. టెంక తీసే యంత్రంలో గుజ్జు విడిపోతుంది. ఆ తర్వాత ఒకదానికంటే ఒకటి సన్నని రంధ్రాలున్న జల్లెడలు పీచును ఆపేస్తాయి. వేగంగా తిరిగే సెంట్రిఫ్యూజ్ నల్లటి నలుసుల్ని లాగేస్తుంది.

ఇక వేడి. పాలను నెలల తరబడి నిలవ ఉంచాలంటే 135 డిగ్రీలు దాటించాలి. మామిడి గుజ్జుకు 100 డిగ్రీలకు అటూ ఇటూ సరిపోతుంది. కారణం పులుపు. పీహెచ్ 4.6 కంటే తక్కువైతే బొటులిజం కలిగించే సూక్ష్మజీవి పెరగలేదు. గుజ్జు పీహెచ్ 4కు అటూ ఇటూ ఉంటుంది. ఇంత వేడితోనే పని జరగడం వల్ల మామిడి రుచి చాలావరకు నిలుస్తుంది. చల్లార్చిన గుజ్జును గాలి తగలకుండా శుద్ధిచేసిన సంచుల్లో నింపి, 200 కిలోలకు పైగా పట్టే ఇనుప డ్రమ్ముల్లో దించుతారు.

చిన్న ప్యాకెట్ పని మరీ ముచ్చటైనది. కాగితం, పాలిథిన్, అతి పలుచని అల్యూమినియం రేకు పొరలుగా అతికించిన చుట్టను హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో శుద్ధిచేసి, వేడి గాలితో ఆరబెట్టి, గొట్టంగా చుడతారు. పానీయం ఆ గొట్టంలోకి దిగుతూనే ఉంటుంది. అడ్డంగా అతుకు వేసేది ద్రవం మట్టానికి కింద! అందుకే లోపల గాలికి చోటుండదు. ఇంత సులువైన ఉపాయం కనిపెట్టడం ఎంత కష్టమో ఆలోచించండి.

2025లో తోతాపురి ధర పడిపోయినప్పుడు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం మరో 4 రూపాయలు ఇచ్చేలా నిర్ణయించాల్సి వచ్చింది. ఇక కొనేవారి సంగతికొస్తే, మామిడి పానీయంలో కనీసం 10 శాతం పండు ఉండాలన్నది ఆహార భద్రతా నిబంధన. ఈసారి కొన్నప్పుడు ప్యాకెట్ మీద గుజ్జు శాతం చదవండి, ఎక్కువున్నదే తీసుకోండి.