ఎర బతకాలి

ఫ్లాట్‌హెడ్ చచ్చినదాన్ని ముట్టదు. ఆ మాటకొస్తే ఎప్పుడో ఒకసారి ముడుతుంది గానీ, దాన్ని నమ్ముకుని రాత్రంతా గట్టున కూర్చుంటే తెల్లారేసరికి దోమకాట్లే మిగులుతాయి. మిగతా క్యాట్‌ఫిష్‌లు అలా కావు. చానల్ క్యాట్ కోడి కార్జం వాసనకే వచ్చేస్తుంది. బ్లూ క్యాట్‌కు కోసిన చేపముక్క చాలు. బల్లపరుపు తల, ముందుకు పొడుచుకొచ్చిన కింది దవడ, పసుపూ గోధుమా కలిసిన మచ్చల ఒళ్ళు ఉన్న ఈ చేపకు మాత్రం నోటి ముందు ఏదో కదలాలి. మన వాలుగ సంగతి ఎరిగినవాళ్ళకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. అందుకే డాలస్‌లో మనవాళ్ళెవరైనా ఏ రాడ్డు కొనమంటారని అడిగితే, ముందు ఒక పెద్ద ఐస్ డబ్బా, బ్యాటరీతో బుడగలు తీసే చిన్న మోటారు కొనుక్కోమంటాను. ఆ జవాబు ఎవరికీ నచ్చదు.

నేను వెళ్ళేది లేక్ ప్యాలెస్టీన్‌కు. డాలస్‌కు ఆగ్నేయాన, టైలర్ ఊరికి దగ్గర్లో నేచిస్ నదికి అడ్డంగా కట్ట వేస్తే నిలిచిన నీళ్ళవి. టెక్సస్‌లో రాడ్డుతో పట్టిన ఫ్లాట్‌హెడ్‌ల రికార్డు 1998లో ఇక్కడే నమోదైంది. 98.5 పౌండ్లు, అంటే 45 కిలోలకు కాస్త తక్కువ. అదే ఏడాది కాన్సాస్‌లోని ఎల్క్ సిటీ రిజర్వాయరులో 123 పౌండ్లది పడి ప్రపంచ రికార్డయింది. ఈ అంకెలు విని రేవుకొచ్చినవాళ్ళకు నేను ముందు ఇచ్చేది బెండు కట్టిన పిల్ల గాలం, వానపాముల డబ్బా.

ఎర కావాలి కదా. ఇక్కడ వాడేది సన్‌ఫిష్. పాతకాలపు టెక్సస్ మనుషులు దాన్ని పెర్చ్ అనేస్తారు. అరచేయంత ఉంటుంది, పడవల రేవు స్తంభాల నీడన గుంపుగా తిరుగుతుంది. కొల్లేటి పక్క కాలవగట్ల మీద పెరిగినవాణ్ణి కాబట్టి ఈ భాగం నాకెవరూ నేర్పనక్కర్లేదు. పిల్లలను వెంటబెట్టుకెళ్తే ఈ పని వాళ్ళకు వదిలెయ్యొచ్చు. పెద్ద చేప పడినా పడకపోయినా వాళ్ళకు ఇదే పండగ. ఒక చెరువులో పట్టిన ఎరను ఆ నీళ్ళతో సహా ఇంకో చెరువుకు మోసుకెళ్ళడం మాత్రం కుదరదు. జీబ్రా మస్సెల్ అనే పరాయి ఆల్చిప్ప 2009లో టెక్సోమా చెరువులో బయటపడింది. అది పాకకుండా ఉండాలంటే తిరిగి వెళ్ళేముందు పడవలో, డబ్బాలో నీళ్ళు పూర్తిగా ఒంపెయ్యాలి. కాబట్టి ఎర అక్కడే పట్టాలి, అక్కడే బతికించుకోవాలి.

అసలు విద్యంతా ఆ బతికించడంలోనే ఉంది. పది డిగ్రీల నీటిలో లీటరుకు 11 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకు వచ్చేసరికి అది ఏడున్నరకు పడిపోతుంది. పైగా వేడికి చేప ఒంట్లో జోరు పెరిగి ఇంకా ఎక్కువ ఊపిరి కావాలంటుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారం. జులైలో సాయంత్రం ఆరింటికీ 38 డిగ్రీలు మండే చోట ఆశకొద్దీ డబ్బా నిండా చేపలు వేసుకున్నవాడికి కాసేపట్లో తెల్లటి పొట్టలు కనబడతాయి. కొన్నే వెయ్యాలి. మోటారు ఆగకూడదు. అప్పుడప్పుడు సగం నీళ్ళు మార్చాలి, ఎందుకంటే వాటి మలినమే వాటిని చంపుతుంది. చల్లబరచడానికి ఐసుముక్కలు గుమ్మరిస్తారు కొందరు. కుళాయి నీళ్ళ ఐసు కరిగితే అందులోని క్లోరిన్ కూడా కరుగుతుంది. మూత బిగించిన సీసాలో నీళ్ళు గడ్డకట్టించి ఆ సీసానే డబ్బాలో పడేస్తే చలవ దిగుతుంది, క్లోరిన్ దిగదు.

కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువుల మీద కాపలా ఉన్నవాళ్ళకు ఇందులో కొత్తేమీ ఉండదు. నీటిలోని పచ్చదనం పగలు ఎండకు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తనే తాగేస్తుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. కరెంటు పోయి ఏరేటర్లు ఆగిన రాత్రి మా పెదనాన్న నిద్రపోవడం నేను చూళ్ళేదు.

డబ్బాకు ఉన్న లెక్కే చెరువుకూ ఉంది. ఎండలు ముదిరాక ఈ రిజర్వాయర్లు రెండు పొరలుగా విడిపోతాయి. పైపొర వేడిగా, తేలిగ్గా ఉండి గాలికి కదులుతుంది. కింది పొర చల్లగా, బరువుగా ఉండి పైదానితో కలవదు. అడుగున ఆకూ అలమూ కుళ్ళుతూ అక్కడున్న ఆక్సిజన్‌ను కాస్తా తినేస్తాయి, మళ్ళీ నింపే దారి ఉండదు. ఆ రెంటి మధ్య సరిహద్దు, థర్మోక్లైన్, సోనార్ తెర మీద మసక చారలా కనబడుతుంది. తూర్పు టెక్సస్‌లో నడివేసవిలో తరచు 15, 20 అడుగుల దగ్గర. పెద్ద చేప కదా, చల్లగా లోతునే ఉంటుందని నలభై అడుగుల్లోకి ఎర దింపేవాళ్ళను చూస్తూనే ఉంటాను. కాసేపాగి లాగితే సన్‌ఫిష్ చచ్చి పైకొస్తుంది. దానికి ఊపిరాడని చోట ఫ్లాట్‌హెడ్ మాత్రం ఏం చేస్తుంది? వేల డాలర్ల సోనార్లు ఉన్నాయి గానీ, గాలానికి గుచ్చిన ఆ చిన్న చేపను మించిన మీటరు లేదని నా నమ్మకం.

పగలంతా ఫ్లాట్‌హెడ్ మునిగిన పాత వాగు మలుపుల్లో, చెట్ల మొదళ్ళ మధ్య కదలకుండా పడి ఉంటుంది. చీకటి పడ్డాక లేచి నడుం లోతు మెరకల మీదికి వేటకొస్తుంది. ఆ దారిలో ఎర ఉంచాలి. అయితే జూన్‌లో ఎంత బతికున్న ఎరకూ పెద్దగా లొంగదు. గుడ్ల కాలం అది. మగది బొరియలో గుడ్ల మీద కాపలా ఉండి, రెక్కలతో, తోకతో నీళ్ళు విసురుతూ వాటికి ఊపిరి అందిస్తుంటుంది. తిండి ధ్యాస ఉండదు. సరిగ్గా అప్పుడే ఆ బొరియలో చెయ్యి పెట్టి, కరిచినదాన్ని దవడ పట్టుకుని బయటికి లాగే నూడ్లింగ్ అనే వేట ఉంది. టెక్సస్ 2011లో దాన్ని చట్టబద్ధం చేసింది. గుండె ధైర్యం కావాల్సిందే, కాదనను. నాకు మనసొప్పదు. తండ్రిని లాగేశాక ఆ గుడ్లు చిన్న చేపల పాలవుతాయి.

కొక్కెం దగ్గర మన అలవాటు ఒకటి మానాలి. బెండు మునగ్గానే గుంజడం చిన్నప్పటి నుంచీ చేతికి అంటుకుపోయింది. ఇక్కడ వాడే సర్కిల్ హుక్ లోపలికి వంగి ఉంటుంది. చేప ఎరతో తిరుగు ముఖం పట్టినప్పుడు దానంతటదే నోటి మూలన దిగుతుంది. గుంజితే ఊడి వస్తుంది. మా బావమరిదికి ఇది చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

"రాడ్డు ఊగుతోంది బావా, లాగనా?"

"ముట్టుకోకురా."

"ఇంకా ఊగుతోంది!"

"అది ఊగడం. వంగినప్పుడు చెప్పు."

ఇక్కడి చట్టం ప్రకారం 18 అంగుళాల లోపువి వదిలెయ్యాలి, మనిషికి రోజుకు ఐదు దాటకూడదు. ఎంత పెద్దదైనా తెచ్చుకోవచ్చు. నేను నాలుగైదు పౌండ్లవి ఉంచుకుని పెద్దవాటిని వదిలేస్తాను. ఇరవై ఏళ్ళు పైబడి బతికే జాతి, ఇవి దీని సొంత నీళ్ళు. జార్జియాలో సటిల్లా నదికి దీన్ని బయటి నుంచి తెచ్చి వదిలారు, అక్కడి సన్‌ఫిష్‌లను అది తినేస్తోంది. ఆ గట్టున ఉంటే ఒక్కదాన్నీ వదలను.

వండటం జెల్లకు చేసినట్టే. ఉప్పూ పసుపూ వేసి జిగురు పోయేదాకా రుద్ది, పసుపుపచ్చ కొవ్వు తీసేసి, చింతపండు పులుసులో వెయ్యాలి. మర్నాటికి ముక్క పులుసు పీల్చుకుని బాగుంటుంది. మా బావమరిది ఉన్న ఇంట్లో మర్నాటిదాకా మిగలదనుకోండి.