చేతి మీద చెయ్యి వేసి

బలపం పట్టిన పిల్ల గుప్పిట బిగించేస్తుంది. ఆ బిగువు సడలించి, చేతి మీద చెయ్యి వేసి ‘అ’ మెలిక తిప్పించాలి. ఎప్పుడు తన చెయ్యి తీసేయాలో పంతులమ్మకు తెలియాలి. తొందరపడితే గీత వంకరపోతుంది, తీయకపోతే పిల్లకు రాయడమే రాదు. ఈ ఒడుపు తెలిసినవాళ్లంటే నాకు ఎనలేని గౌరవం.

అలాంటి పంతులమ్మల్లో ఒకావిడ కథ ఇది. నెల్లూరుకు దక్షిణాన, ఇప్పటి తిరువళ్లూరు జిల్లాలో కిలచ్చేరి అనే ఊరుంది. అక్కడ 1863లో తాటిపత్రి జ్ఞానమ్మ తెలుగు ఆడపిల్లలకు బడి పెట్టారు. ఆమె పుట్టింది ఫిరంగిపురంలో, 1822లో. ఐదుగురు కొడుకుల తల్లి. భర్త ఇన్నయ్య పోయాక, ఆడపిల్లకు చదువెందుకన్న రోజుల్లో, వాళ్లను బడికి రప్పించడమంటే మాటలా! పాఠం చెప్పడం కన్నా అదే కష్టమైన పని అనిపిస్తుంది నాకు.

చెప్పేవాళ్లు లేకపోతే బడి నిలవదు. అందుకే పునీత అన్నమ్మ పేరిట మఠకన్యల సభకు ఆమె పునాది వేశారు. 1874లో కన్నుమూశారు. మద్రాసులోను, ఫిరంగిపురంలోను ఆ పునాది మీద సభలు నిలిచాయి. గుంటూరుకు హాలెండు నుంచి జేఎంజే అనే సభ మఠకన్యలు వచ్చింది 1904లో. అంతకు దశాబ్దాల ముందే మన తెలుగు తల్లి ఒకావిడ ఆడపిల్లల చేత అక్షరాలు దిద్దించారు. 2014లో కతోలిక సభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.