రెంటికీ చెడకుండా

జొన్నరొట్టె తినేవాళ్లకు పెల్లగ్రా ఎందుకు రావాలి?

ఇప్పుడీ ప్రశ్న ఎవరికీ పట్టదు. ఇప్పటి పీజీ డాక్టర్లలో చాలామంది పెల్లగ్రా రోగిని చూసే ఉండరు. చూసినా, ఏళ్ల తరబడి తాగుడు అలవాటున్నవాళ్లలోనో, టీబీ మందులు వాడుతున్నవాళ్లలోనో ఎప్పుడో ఒకసారి చూసి ఉంటారు. 1950ల చివర్లో దక్కన్‌లో పరిస్థితి వేరు. ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు లేచేది. ముంజేతులు, పాదాలు, మెడ చుట్టూ హారం వేసినట్టు. దానికి తోడు విరేచనాలు, కొందరికి మతి చలించడం. అలాంటి కూలి జనం హైదరాబాద్ ఆస్పత్రులకు కొత్త కాదు.

పుస్తకాల ప్రకారం అది నయాసిన్ అనే విటమిన్ అందక వచ్చే, మొక్కజొన్న తినేవాళ్ల జబ్బు. మొక్కజొన్నలో నయాసిన్ ఉన్నా ఒంటికి అందే రూపంలో ఉండదు, శరీరం నయాసిన్‌గా మార్చుకోగల ట్రిప్టోఫాన్ కూడా తక్కువే. జొన్నలో ఆ లోటు అంతగా లేదు. అయినా జొన్న తినేవాళ్లే వార్డులో పడుకుని ఉన్నారు. నయాసిన్ రకమే అయిన నికోటినమైడ్ మాత్రలిస్తే తేరుకుంటారు, ఇంటికి పంపేయొచ్చు. ఏ డాక్టరైనా చేసేది అదే. అందులో తప్పేమీ లేదు, రోగికి కావలసిందీ అదే.

1958లో పోషకాహార పరిశోధనశాల కూనూరు నుంచి హైదరాబాద్‌కు వచ్చింది. తార్నాకలో ఇప్పుడు మనం ఎన్ఐఎన్ అంటున్నది అదే. అందులో పనిచేసిన సి.గోపాలన్ మద్రాసులో వైద్యం చదివి, లండన్‌లో పీహెచ్‌డీ చేసిన మనిషి. ఆయనా, ఎస్.జి.శ్రీకాంతియా కలిసి 1960లో లాన్సెట్‌లో ఒక ఊహ బయటపెట్టారు: జొన్నలోనూ మొక్కజొన్నలోనూ ఉమ్మడిగా ఎక్కువగా ఉన్నది లూసిన్ అనే అమైనో ఆమ్లం, ట్రిప్టోఫాన్ నయాసిన్‌గా మారే దారికి అదే అడ్డుపడుతోందేమో అని. తర్వాత ఏళ్ల తరబడి దాని మీద పని జరిగింది. కుక్కలకు తినిపించి చూశారు, రోగుల మూత్రం పరీక్షించారు, లూసిన్ తక్కువగా ఉన్న జొన్న రకాలు వెతికారు. ఐసోలూసిన్ ఇస్తే లూసిన్ చేసే చెరుపు తగ్గుతుందా అని కమలా కృష్ణస్వామి గోపాలన్‌తో కలిసి పరిశీలించారు. ఆ సిద్ధాంతాన్ని అందరూ ఒప్పుకోలేదు, బయటి దేశాల ల్యాబుల్లో కొందరు కాదన్నారు. ఒప్పుకున్నారా లేదా అన్నది ఇక్కడ నాకు ముఖ్యం కాదు. ఆ ప్రశ్న పుట్టిన చోటు ముఖ్యం. రోగిని "ఏం తింటావు?" అని అడిగే అలవాటూ, ఆ జవాబు పుస్తకంతో పొసగడం లేదని పట్టుకోగల చదువూ ఒకే తలలో ఉంటే తప్ప అది పుట్టదు. ల్యాబులోనే ఉండేవాడికి జొన్న కూలీ కనపడడు. వార్డులోనే ఉండేవాడికి అతను మర్నాడు డిశ్చార్జి అయిపోతాడు.

ఈ రెండు పనులూ ఒకే మనిషి చేయడం కష్టమనేది టైము గురించే అనుకుంటారు. టైము సంగతి తర్వాత. అసలు ఇబ్బంది బుద్ధి రెండు రకాలుగా నడవాల్సి రావడంలో ఉంది. వానాకాలం తర్వాత మా ఓపీకి అయిదారు రోజుల జ్వరంతో జనం వస్తారు. ప్లేట్‌లెట్లు కాస్త తగ్గి, లివర్ ఎంజైములు కాస్త పెరిగి ఉంటాయి. బట్టలు తొలగించి చూస్తే ఎక్కడో చంకలో చిన్న నల్లటి పెచ్చు కనపడొచ్చు, కనపడకపోవచ్చు. స్క్రబ్ టైఫస్ అని తేలేదాకా ఆగకూడదు, డాక్సీసైక్లిన్ మొదలుపెట్టేయాలి. రోగి వెనక వరండా దాటి క్యూ ఉంటుంది. సగం తెలిసిన దాంతో పూర్తి నిర్ణయం తీసుకోవడమే మా వృత్తి. పరిశోధనకు దిగినవాడికి అదే జ్వరాన్ని "ఏమిటో తెలియదు" అని రాసి పక్కన పెట్టే ఓపిక కావాలి. నిన్న మందు పనిచేసిందన్న సంతోషాన్ని కూడా అనుమానించాలి, మందు లేకున్నా తగ్గేదేమో అని. పొద్దున పదింటికి ఒక బుద్ధి, మధ్యాహ్నం మూడింటికి ఇంకో బుద్ధి. ఇరవై ఏళ్లకు పైగా పీజీలకు పాఠం చెబుతున్నా, ఆ మలుపు నాకిప్పటికీ అలవోకగా రాదు.

రోగిని చూడకుండా అంకెలు చూసేవాళ్ల కష్టం ఇంకో రకం. ఒక మనిషి రక్తంలో, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రెండు దాటిందని కంప్యూటర్ తెర మీద కనపడుతుంది. అతను పొద్దుటి నుంచి ఎండలో జీడితోటలో పనిచేసి, నీళ్లు తాగకుండా మధ్యాహ్నం రక్తపరీక్షల క్యాంపుకు వచ్చాడన్న సంగతి ఆ తెర మీద ఉండదు. సూది గుచ్చినవాడికే తెలుస్తుంది, అదీ అడిగితేనే.

రొనాల్డ్ రాస్ పేరు చెప్పగానే మనకు బేగంపేట, 1897 ఆగస్టు 20 గుర్తొస్తాయి. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలతో కుట్టించి, కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా ఇచ్చాడన్న ముచ్చటా చాలామందికి తెలుసు. దాని తర్వాత ఏమైందో తక్కువమంది చెబుతారు. ఆయన సికింద్రాబాద్‌లో సైనిక పటాలానికి డాక్టరు, పరిశోధన ఆయన సొంత గోల. దోమ కడుపులో ఆ పరాన్నజీవిని చూసిన కొద్ది వారాలకే బదిలీ ఉత్తర్వు వచ్చింది. రాజపుతానాలోని ఖేర్వారాలో పడేశారు. పనికి కావలసినంత మలేరియా అక్కడ లేదు. లండన్ నుంచి పాట్రిక్ మాన్సన్ పట్టుబట్టి రాయగా రాయగా 1898లో కలకత్తాకు ప్రత్యేక పోస్టింగ్ దొరికింది. అక్కడ ఆయన మిగతా చక్రాన్ని పక్షుల మలేరియాలో పూర్తిచేశాడు. మనిషి మలేరియాకు అనాఫిలీస్ దోమతో ఆ లెక్క పూర్తిగా తేల్చింది ఇటలీలో గ్రాస్సీ బృందం. 1902లో నోబెల్ మాత్రం రాస్‌దే. ఆ తగాదా వాళ్లిద్దరూ బతికున్నంత కాలం తెగలేదు. జీవోల కాగితాలతో పరిచయం ఉన్న మన సర్కారీ డాక్టర్లెవరికీ ఈ కథలో బదిలీ భాగం వివరించనక్కర్లేదు.

వార్డులో పుట్టిన ప్రశ్నను చివరిదాకా వెంటాడనిస్తే ఏమవుతుందో చెప్పడానికి నేను తరగతిలో డాలస్ కథ ఎత్తుకుంటాను. మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ బోస్టన్‌లో మెడిసిన్ రెసిడెంట్లుగా ఉన్నప్పుడు స్నేహితులయ్యారు. వియత్నాం యుద్ధకాలంలో డాక్టర్లు ఏదో ఒక రూపంలో ప్రభుత్వ సేవ చేయాలి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్ఐహెచ్‌లో పనిచేసినా అది సేవ కిందకే వస్తుంది. అందుకని తెలివైన కుర్ర డాక్టర్లు అక్కడికి పోటీపడి చేరారు. 1968లో వీళ్లిద్దరూ చేరారు. ఆ ఏడాదే చేరినవాళ్లలో రాబర్ట్ లెఫ్కోవిట్జ్, హెరాల్డ్ వార్మస్ ఉన్నారు. నలుగురికీ తర్వాత నోబెల్ వచ్చింది. అక్కడి ఆస్పత్రిలో ఆరేళ్ల పాప, ఎనిమిదేళ్ల ఆమె అన్న, పుట్టుకతోనే వచ్చిన విపరీతమైన కొలెస్టరాల్‌తో గుండె జబ్బు తెచ్చుకుని కనిపించారు. ఆ పసివాళ్లకు అంత కొలెస్టరాల్ ఎందుకు? డాలస్‌కు వెళ్లాక అలాంటి రోగుల చర్మం నుంచి చిన్న ముక్క తీసి, కణాల్ని గాజు పాత్రల్లో పెంచి చూశారు. ఎల్‌డీఎల్‌ను (రక్తంలో కొలెస్టరాల్ మోసే కణాన్ని) లోపలికి లాక్కునే రిసెప్టర్ ఆ కణాల్లో పనిచేయడం లేదని తేల్చారు. 1985లో నోబెల్. ఇవాళ మనింట్లో ఎవరో ఒకరు రాత్రి వేసుకునే స్టాటిన్ మాత్ర ఎలా పనిచేస్తుందన్నది అర్థమైంది ఆ రిసెప్టర్ వల్లే.

ఇక మన థీసిస్. ఎండీ, ఎంఎస్ చేసే ప్రతివాళ్లూ ఒకటి రాసి తీరాలి. సినాప్సిస్ పెట్టడం, గైడ్ సంతకం, ఎథిక్స్ కమిటీ, కేసుల సేకరణ, మాస్టర్ చార్ట్, చివరికి పరీక్షకు ఆరు నెలల ముందు యూనివర్సిటీకి అప్పగింత. కొత్తగా చేరిన పీజీలు "సార్, తేలిక టాపిక్ ఏదైనా ఇవ్వండి" అంటే నేను కోప్పడను. అడ్మిషన్ డే డ్యూటీ చేసి మర్నాడు సాయంత్రం వరకూ నిలబడే పిల్లల్ని కోప్పడి లాభమేముంది? కేసులు మన వార్డులోనే దొరకాలి, పరీక్షలు ఆస్పత్రి ల్యాబులో ఉచితంగా అయిపోవాలి. ఫలానా జబ్బులో ఫలానా రక్తపరీక్ష విలువ, వంద కేసులు. నిరుడు ఎవరో చేసినదే, రేపు ఇంకెవరో చేసేదే. కాలేజీ చుట్టుపక్కల జిరాక్స్ షాపులో టైపింగూ, బైండింగూ, అడిగితే పీ వాల్యూ కూడా దొరుకుతుంది. రెక్సిన్ అట్ట మీద బంగారు అక్షరాలతో లైబ్రరీ బీరువాలోకి పోతుంది. పరిశోధన పేరిట ఏటా పెట్టే తద్దినం ఇది.

ఇది కొట్టిపారేసే మాటగా అనిపిస్తే ఒక లెక్క ఉంది. సమీరన్ నంది అనే ఢిల్లీ సర్జన్, ఆయన సహచరులు 2005 నుంచి 2014 వరకు 579 భారతీయ వైద్యసంస్థల ప్రచురణలు లెక్కపెట్టారు. 332 సంస్థల నుంచి ఆ పదేళ్లలో ఒక్క పేపరూ లేదు. ఏడాదికి సగటున వందకు పైగా వెలువరించినవి 25. అక్కడున్న ప్రతి పీజీ థీసిస్ రాసే పాసయ్యాడని గుర్తుపెట్టుకోండి. పైగా ప్రమోషన్లకు పేపర్లు ముడిపెట్టారు. దాంతో డబ్బు కడితే ఏదైనా అచ్చేసే పత్రికల మెయిళ్లు రోజూ నా ఇన్‌బాక్సులో పడుతున్నాయి, ఒక్కోసారి నన్ను కళ్ల డాక్టరనుకుని కూడా.

నా మటుకు నేను, అందరిచేతా థీసిస్ రాయించడం మానేయాలంటాను. సహచరులు దీనికి ఒప్పుకోరు, పరిశోధన రుచైనా తెలియొద్దా అంటారు. పేపరు చదివి అందులో మోసమెక్కడుందో పట్టుకోవడం అందరికీ నేర్పాలి, అది ఓపీలో రోజూ పనికొస్తుంది. మంచి సర్జన్ మంచి సర్జన్‌గా ఉంటే చాలు. పదిమందిలో నిజంగా ప్రశ్న పట్టుకున్న ఒకరికి ఇవ్వాల్సింది మాత్రం వేరే. అమెరికా 1964లోనే మూడు యూనివర్సిటీలతో ఎండీ, పీహెచ్‌డీ కలిపి చదివించే పథకం మొదలుపెట్టింది. ఎనిమిదేళ్ల చదువు, ఫీజు లేదు, పైగా నెలనెలా డబ్బు. అయినా 1979లో జేమ్స్ వైన్‌గార్డెన్ అనే డాక్టరు, పరిశోధన చేసే వైద్యుడు అంతరించిపోతున్న జాతి అని రాశాడు. ఇంగ్లండ్‌లో ట్రైనింగ్‌లో ఉన్న డాక్టరు అకడెమిక్ పోస్టుకు ఎంపికైతే, పనికాలంలో నాలుగో వంతు పరిశోధనకని రాతపూర్వకంగా కేటాయిస్తారు. నాకు నచ్చింది ఇదే. డబ్బు కన్నా ఆ కాగితం విలువైనది.

మనకూ ఏమీ లేకపోలేదు. ఎంబీబీఎస్ విద్యార్థులకు రెండు నెలల చిన్న ప్రాజెక్టులిచ్చే ఐసీఎంఆర్ పథకం 1979 నుంచి నడుస్తోంది. దాంతో మొదటిసారి ప్రశ్న రుచి చూసిన పిల్లలు నాకు తెలుసు. తర్వాతి మెట్టులోనే జారిపోతారు. ఎండీ అయ్యేసరికి ముప్పై దగ్గరపడుతుంది. పెళ్లి, బాండ్ సర్వీసు, నీట్ ఎస్ఎస్ ర్యాంకు. తోటివాళ్లు క్యాథ్‌ల్యాబులోకి వెళుతుంటే, సీనియర్ రెసిడెంట్ జీతానికి దరిదాపుల్లో లేని ఫెలోషిప్‌తో మళ్లీ విద్యార్థిగా కూర్చోవడం ఎవరికి సరదా?

కొన్నేళ్ల కిందట కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం నుంచి ఒకమ్మాయి మా దగ్గర మెడిసిన్ పీజీ చేసింది. కవిటి వైపు. "సార్, మా మేనమామకి షుగర్ లేదు, బీపీ లేదు, మూత్రంలో ప్రోటీన్ కూడా పెద్దగా లేదు. కిడ్నీలు ఎందుకు పోయాయి?" అని అడిగింది. ఉద్దానంలో ఈ జబ్బుకు కారణం నీళ్లన్నారు, సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండదెబ్బన్నారు, జన్యువులన్నారు. ఏదీ నిలబడి తేలలేదు. పలాసలో 2023లో రెండొందల పడకలతో కిడ్నీ ఆస్పత్రీ పరిశోధన కేంద్రమూ తెరిచారు. డయాలసిస్‌కు దూరం పోనక్కర్లేకపోవడం చిన్న సంగతి కాదు. కానీ ఈ ప్రశ్నకు ఆరోగ్యంగా ఉన్నవాళ్లని ఏళ్ల తరబడి వెంబడించి చూడాలి, పద్దెనిమిది నెలల థీసిస్‌తో అయ్యేది కాదు.

ఆమెకు నేను వి.రామలింగస్వామి సంగతి చెప్పాను. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేసి వచ్చిన ప్యాథాలజిస్టు. 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో గొంతువాపు జబ్బు (గాయిటర్) మీద పని మొదలుపెట్టారు. లోయని మూడు భాగాలు చేసి, రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు పంపించారు. దాదాపు లక్షమంది జనం. ఆరేళ్లకు అయొడిన్ ఉప్పు తిన్న చోట్ల వాపు బాగా తగ్గింది, మామూలు ఉప్పు తిన్న చోట తగ్గలేదు. తర్వాత ఆ మూడో భాగానికీ అయొడిన్ ఉప్పే ఇచ్చారు. 1962లో కేంద్రం జాతీయ గాయిటర్ నివారణ కార్యక్రమం పెట్టింది. ఆరేళ్ల పాటు ఆ లోయకు వెళ్లిరావడానికి ఆయనకు వీలిచ్చిన సంస్థ ఒకటి వెనక ఉంది, ఆమె గమనించాల్సింది అదని చెప్పాను.

మొన్న ఫోన్ చేసింది. నెఫ్రాలజీ డీఎం పూర్తికావొస్తోంది, ఉద్దానం మీద పీహెచ్‌డీకి ఒక సంస్థ పిలుస్తోందట.

"ఇంట్లో ఏమంటున్నారమ్మా?"

"రెంటికీ చెడ్డ రేవడివవుతావంటున్నారు సార్. సూపర్ స్పెషాలిటీ చేసి మళ్లీ చదువేంటని మా అమ్మ ఏడుస్తోంది."

చేరమనీ అనలేదు, వద్దనీ అనలేదు. చేరేముందు మూడు సంగతులు ఉత్తర్వులో రాసివ్వమని అడగమన్నాను. వారంలో ఎన్ని రోజులు ఓపీ, ఎన్ని రోజులు పరిశోధన. ఆమె ఊళ్లలో తిరిగే రోజుల్లో డయాలసిస్ యూనిట్ ఎవరు చూస్తారు. అయిదేళ్లపాటు బదిలీ లేకుండా ఉంచుతారా.

"అలా రాసిస్తారంటారా సార్?"

"అడుగు ముందు" అన్నాను. మెయిల్ పెట్టి రెండు వారాలైందట. ఓపీ రోజులెన్నో మాత్రం వెంటనే చెప్పారట, ఆరు. మిగతా రెండిటికీ ఇంకా జవాబు రాలేదు.