ప్లగిన్‌కు రాసే డాక్యుమెంటేషన్

ప్లగిన్ దానంతట అది నడవదు. వర్డ్‌ప్రెస్‌కో ఫైర్‌ఫాక్స్‌కో తగిలించుకుంటేనే పనిచేస్తుంది. ఓపెన్‌సోర్స్ ప్లగిన్‌లలో చాలావాటికి ఫోనెత్తి జవాబు చెప్పే మనిషి ఉండడు. కోడ్ అందరి ముందూ ఉన్నా చదివి అర్థం చేసుకునేది కొద్దిమందే. మిగతావారికి పక్కనున్న డాక్యుమెంటేషనే దిక్కు.

ఇలాంటి ప్లగిన్‌కు తెలుగులో మంచి ఉదాహరణ 'పద్మ'. యూనికోడ్ స్థిరపడకముందు ఈనాడు, వార్త వంటి పత్రికలు తమ సైట్లను సొంత ఫాంట్లతో నడిపేవి. ఫాంటు లేని కంప్యూటరులో పిచ్చిగీతలే కనబడేవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చడానికి వెన్న నాగార్జున ఫైర్‌ఫాక్స్‌కు ఈ యాడాన్ (బ్రౌజర్‌కు తగిలించే ప్లగిన్) రాశారు. ఇలాంటి పరికరానికి ముందు రాయాల్సింది అది ఏయే ఫాంట్లు చదవగలదన్న జాబితా. ఆ వెంటనే ఏ బ్రౌజర్ వెర్షన్ దాకా నడుస్తుందో చెప్పాలి. ఎందుకంటే 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చి, పాత పద్ధతిలో రాసిన యాడాన్‌లన్నిటినీ ఒక్కసారిగా ఆపేసింది.

వర్డ్‌ప్రెస్ వారి రీడ్‌మీ ఫైలులో ఏ వెర్షన్ దాకా పరీక్షించారో చెప్పే 'టెస్టెడ్ అప్ టు' అనే వరుస తలభాగంలోనే ఉంటుంది. కింద 150 క్యారెక్టర్లకు మించని పరిచయం, తర్వాత వివరణ, ఇన్‌స్టలేషన్, ప్రశ్నలు, చేంజ్‌లాగ్. చేంజ్‌లాగ్‌లో 'బగ్స్ సరిచేశాం' అని ఊరుకునేవారే ఎక్కువ. ఏ బగ్గో చెప్పకపోతే ఆ ముక్క రాసీ రాయనట్టే.

మార్కాపురంలో పలకలు అమ్మే వ్యాపారి వర్డ్‌ప్రెస్‌లో దుకాణం నడిపే ప్లగిన్ వూకామర్స్ పెట్టుకుంటున్నాడనుకుందాం. తెరమీద 'యాక్టివేట్' అని ఉంటే వివరణలోనూ 'యాక్టివేట్' అనే ఉండాలి. 'క్రియాశీలం చేయండి' అని రాస్తే ఆ మాట కోసం తెరంతా వెతుకుతాడు. తెర తెలుగులో ఉంటే అక్కడున్న తెలుగు మాటే వాడాలి. అంతకన్నా మంచి తెలుగు తట్టినా సరే. ఒక మెట్టులో ఒకే పని చెప్పి, అది అయ్యాక ఏం కనబడుతుందో కూడా రాయాలి.

తెలుగుకే ప్రత్యేకమైన చిక్కు అక్షరాల లెక్క. 'మార్కాపురం' కంటికి 4 అక్షరాలు. యూనికోడ్‌లో 10 గుర్తులు. పొల్లు, వత్తు, గుణింతం, సున్న అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. వెబ్ చిరునామాలోకి ఎక్కేసరికి ఒక్కో గుర్తు 9 క్యారెక్టర్లవుతుంది కాబట్టి మొత్తం 90. చిరునామాలో శీర్షికకు వర్డ్‌ప్రెస్ ఇచ్చే చోటు 200 క్యారెక్టర్లు. ఇంచుమించు 22 గుర్తులు దాటగానే తెలుగు శీర్షిక మధ్యలో తెగుతుంది. 'గరిష్ఠం 50 అక్షరాలు' అని రాసిన ప్లగిన్ వీటిలో దేన్ని లెక్కపెడుతోంది? మామూలు ఇంగ్లిషు మాటల్లో ఈ లెక్కలన్నీ ఒకటే గనక ఇంగ్లిషు డాక్యుమెంటేషన్‌లో చాలాసార్లు ఆ ఊసుండదు. తెలుగులో రాసేవారు దేన్ని లెక్కపెడుతుందో చెప్పే వాక్యం తామే చేర్చి, పక్కన 'గిద్దలూరు: 4 అక్షరాలు, 9 గుర్తులు' అని చూపించాలి.