రాధికాసాంత్వనము: అశ్లీలదోషవిచారము

గిద్దలూరు, మార్కాపురము తాలూకాలు 1970 వఱకు కర్నూలు మండలములోనివి. ఆ యేఁట నవి క్రొత్తగా నేర్పడిన యొంగోలు మండలమునఁ జేరినవి. 1972లో నా మండలమునకుఁ బ్రకాశము పేరు పెట్టఁబడినది. టంగుటూరి ప్రకాశము పంతులుగా రనఁగా 1928లో సైమను సంఘమును బహిష్కరించిన సందర్భమున మదరాసులోఁ దుపాకుల కెదురుగా ఱొమ్ము చూపిన వీరుఁడని యచ్చటి పాఠశాలల బాలురు సైతము చెప్పుదురు. ఆయన మదరాసు రాష్ట్రమునకుఁ బ్రధానమంత్రిగా నున్న స్వల్పకాలమున (1946-47) నొక తెలుఁగుకావ్యమునకుఁ జెఱ విడిపించిన సంగతి పండితులలోఁ గూడ నందఱు నెఱుఁగరు. ఆ కావ్యము ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనము.

ముద్దుపళని తంజావూరి ప్రతాపసింహ మహారాజు (1739-1763) ఆస్థానమునందలి గణిక. రాధ తాను పెంచి పెద్దచేసిన యిళను శ్రీకృష్ణున కిచ్చి వివాహము చేసి, పిమ్మట విరహముచే నసూయచేఁ గుందుటయు, కృష్ణుఁ డామెను సాంత్వనపఱచుటయు నిందలి కథ. దీనికి ఇళాదేవీయ మని నామాంతరము. ఆశ్వాసములు నాలుగు, పద్యములు 584. పీఠికలోఁ గవయిత్రి యవ్వ యగు తంజనాయకిని సగర్వముగాఁ దలఁచినది. తాతముత్తాతల స్తుతికి నలవడిన చెవుల కిది క్రొత్త. 1887 నాఁటి ముద్రణమున నీ పీఠికయుఁ గొన్ని పద్యములును గానరావు.

కందుకూరి వీరేశలింగము పంతులుగారు కవుల చరిత్రమున నీమె పాండిత్యమును, శైలీమాధుర్యమును నంగీకరించియే, వేశ్యాకులమునఁ బుట్టినందున స్త్రీసహజమగు లజ్జ లేక యిట్లు వ్రాసినదనియు, నిందుఁ బెక్కు భాగములు స్త్రీలు వినఁదగనివనియు నిరసించిరి. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మగారు వ్రాఁతప్రతి సంపాదించి, కావ్యమును సమగ్రముగాఁ బరిష్కరించి, వావిళ్ళవారిచేఁ బ్రకటింపించి, పీఠికలో నీ నిరసనకు బదులు చెప్పిరి. లజ్జ యాఁడువారికే గాని మగవారి కక్కఱలేదా యని యామె ప్రశ్న. పంతులుగారు స్వయముగాఁ బరిష్కరించిన వైజయంతీవిలాసమునందలి శృంగారమున కన్న నిందలి శృంగారము మితిమీఱినదా యనియు నడిగిరి. ఈ ప్రశ్నకుఁ బండితలోకము తిన్నని యుత్తర మీయలేదు.

ఉత్తరము వేఱొక చోటినుండి వచ్చెను. 1911లోఁ బోలీసులు వావిళ్ళవారి యంగడిలోని ప్రతులను బట్టుకొనిరి. ప్రభుత్వపు భాషాంతరీకరణోద్యోగి కావ్య మశ్లీల మని నివేదించెను. పండితులు కొందఱు విన్నపము లంపినను బ్రయోజనము లేకపోయెను. ఇట గమనింపవలసిన విశేష మొకటి కలదు. నాగరత్నమ్మగారి సమాధాన మా గ్రంథపు పీఠికలోనిదే. కావ్యముతోఁ బాటు సమాధానమును నిషిద్ధ మయ్యెను. కవుల చరిత్రము మాత్రము యథేచ్ఛముగాఁ జదువఁబడుచుండెను. వాదములోఁ బూర్వపక్షమునకు వాక్స్వాతంత్ర్యము, సిద్ధాంతమునకు సంకెల. తర్కశాస్త్రమున నిట్టి జయమునకుఁ బేరు లేదు.

అశ్లీల మనునది యాలంకారికులకుఁ గ్రొత్త కాదు. వ్రీడ, జుగుప్స, అమంగళము అను వానిని స్ఫురింపఁజేయుటచే నది త్రివిధ మని మమ్మటుఁడు దోషప్రకరణమునఁ జెప్పెను. ఆ దోషము పదమునకు, వాక్యమునకు, అర్థమునకుఁ జెందునే కాని కవికులమునకుఁ జెందదు. వక్తృ ప్రకరణాద్యౌచిత్యమును బట్టి దోషమే గుణము గావచ్చు నన్నారు. ఇచట వక్త యనఁగాఁ గావ్యములోఁ బలుకు పాత్రము, కవి గాఁడు. ముద్దుపళని విషయమున రాధను విడిచి గణికను వక్తగాఁ బట్టుకొనిరి. వ్యాకరణరీతిని జెప్పినచో, నొక విశేష్యమునకుఁ జెందిన విశేషణమును వేఱొక విశేష్యమున కన్వయించిరి. క్షేత్రయ్య పదములలో నాయిక యెంత విప్పి చెప్పినను దోషము తోఁపనివారి కిచటఁ దోఁచుట కీ దురన్వయమే హేతువు.

ఆనందవర్ధనుఁడు కుమారసంభవమునఁ బార్వతీపరమేశ్వరుల సంభోగవర్ణన మనుచిత మని నిష్పక్షపాతముగాఁ బలికెను. కవిశక్తిచే నా దోషము మఱుఁగుపడిన దనియుఁ జెప్పెను. కాళిదాసుని కుల మెత్తలేదు, తాళపత్రములఁ దగులఁబెట్టుమనలేదు.

పంతులుగారి కీ పక్షపాత మజ్ఞానమువలనఁ గలిగిన దనరాదు. స్త్రీవిద్యకై, వితంతువివాహములకై యాయన పడిన శ్రమ లోకవిదితము. వేశ్యావృత్తిని మాన్పింపవలెనను సంకల్ప మాయన కుండెను; అది మంచి సంకల్పమే. వృత్తిపై నేవము వ్యక్తిపైకిఁ, బిదప నామె పద్యముపైకిఁ బ్రాఁకినది. దురభిమానములు దుర్మార్గులయందే పుట్టు ననుకొనుట పొరపాటు. 1947లో మదరాసు శాసనసభ దేవదాసీ నిషేధశాసనము చేసినది. ఇంచుమించుగా నదే కాలమున దేవదాసి కావ్యము విడుదలయైనది. ఆచారమును మాన్పించుట వేఱు, ఆ కులపు స్త్రీ పలుకును మాన్పించుట వేఱని యీ రెండు నాజ్ఞలను బ్రక్కప్రక్కన నుంచి చూచినచోఁ దేటపడును.

వాక్కునకు హద్దే లేదనుట యెవరి మతమును గాదు. బ్రదికియున్నవారిని నాశనము చేయుటకై చెప్పిన తిట్టుకవిత్వము నేఁడు న్యాయస్థానము నెక్కవలసినదే. 1950 నాఁటి రాజ్యాంగముకూడఁ బందొమ్మిదవ యధికరణమున వాక్స్వాతంత్ర్యము నిచ్చి, సభ్యతకు, నీతికిఁ గొంత తావు విడిచెను. చిక్కంతయుఁ గొలఁబద్దలో నున్నది. ఆలంకారికులు సహృదయుని బ్రమాణముగాఁ గొనఁగా, 1868 నాఁటి యాంగ్లన్యాయము చెడుటకు సిద్ధముగా నున్న దుర్బలచిత్తునిఁ బ్రమాణముగాఁ గొనెను. 1964లో మన సర్వోన్నత న్యాయస్థాన మా కొలఁబద్దనే యంగీకరించి, 2014లో విడనాడి, సమకాలిక సమాజప్రమాణమును జేపట్టెను. ఇది మేలే, కాని 1911 నాఁటి సమాజము నడిగియున్నచో ముద్దుపళనికి న్యాయము జరిగెడి దనుటకు నమ్మకము లేదు.

నిషేధము తొలఁగిన తరువాత 1952లో వావిళ్ళవారు కావ్యమును మరల ముద్రించిరి. నాగరత్నమ్మగా రా సంవత్సరమే దివంగతలైరి. 1887 ముద్రణమున విడువఁబడిన పద్యములు పోలీసులకుఁ జాల ముందే పరిష్కర్త చేతిలో లోపించినవి. వానిని 1910 ప్రతితోఁ బోల్చి, యేవి వ్రాఁతప్రతులలో లేక విడువఁబడినవో, యేవి సంకోచముచే విడువఁబడినవో పాఠభేదసహితముగా వేఱుపఱచు పని పరిశోధకులది.