రొట్టె వద్దన్న పాట



“దేవుడు చనిపోయెనా?” అను పేరుగల ఇంగ్లీషు పాట మన కుమారుని ఫోనులో కనబడినయెడల మనలో అనేకులము ఆ ఫోను లాగుకొని వానిని గద్దింతుము. గద్దింపక మునుపు ఆ పాటను చివరివరకు వినుట న్యాయము.

ఇంగ్లండు దేశపు బ్లాక్ సబ్బాత్ అను వాద్యబృందము 2013వ సంవత్సరము ఏప్రిలు నెలలో దీనిని వెలువరించెను. బర్మింగ్‌హామ్ పట్టణపు కార్మికుల పేటనుండి 1968లో బయలుదేరిన బృందమిది. వారిలో గిటారు వాయించు టోనీ అయామీ 17 ఏండ్ల ప్రాయమున రేకుల కర్మాగారములో రెండు వ్రేళ్ల కొనలు పోగొట్టుకొనెను. వ్రేళ్లకు ప్లాస్టిక్ తొడుగులు చేసికొని, కొంతకాలమునకు తీగెలను వదులుచేసి వాయించెను. అట్లు పుట్టిన బరువైన మంద్రనాదమే డూమ్ మెటల్ అను సంగీతరీతికి మూలమాయెను. డూమ్ అనగా వినాశనము. 2012లో ఆయనకు క్యాన్సరు వ్యాధి బయలుపడగా, చికిత్స పొందుచునే ఈ పాటకు పనిచేసెను. కనుక దీనిని అపహాసకుల వినోదమని త్రోసివేయరాదు.

పాట సుమారు 9 నిమిషములు. శవయాత్రవలె మెల్లగా నడచి, చివర వేగమందుకొనును. పదములలో అధికభాగము వ్రాసిన గీజర్ బట్లర్ కతోలిక కుటుంబమున పెరిగినవాడు. పాట అట్టమీద నీషే అను జర్మను తత్వవేత్త ముఖమున్నది. దేవుడు చనిపోయెనను మాటను 1882లో తన గ్రంథమున వ్రాసిన నీషే ఒక పాదిరిగారి కుమారుడు! ఈ సంగతి నావంటి కాపరులకు గ్రుచ్చుకొనవలెను.

అయితే నీషే మాటకు ఈ పాట ప్రశ్నార్థకము చేర్చినది. పాడువాడు మొదటనే ఈ రాత్రి గడుపుటకు సహాయము చేయుమని తన సృష్టికర్తను, రక్షకుని వేడుకొనును. రక్తపాతమును, దుర్మార్గమును చూచి తల్లడిల్లి, తుదకు దేవుడు చనిపోయెనని తాను నమ్మననును. సందేహమును దాచనందుకు వానిని నిందింపను. 88వ కీర్తన కూడ చీకటిలోనే ముగియుచున్నది గదా.

కాని ఇందులో రెండు లోపములు గలవు. దేవుడును సాతానును ఇరుప్రక్కల నుండగా చీకటినుండి వెలుగు వచ్చునని పాట చెప్పుచున్నది. అది వెలుగు కాదు, మోసము. రెండవది మరింత దుఃఖకరము. పాడువాడు ద్రాక్షారసము కోరి, రొట్టె మాత్రము వద్దనును. మత్తు కావలెను గాని విరువబడిన శరీరము అక్కరలేదు. అందుచేతనే ఆ కడపటి జవాబు వాని తలలోని ఆలోచనగానే మిగిలిపోయినది. అందులో ఆనందము లేదు.

ఎమ్మాయు మార్గమున నడచిన యిద్దరును ప్రభువు మృతుడనియే తలంచిరి. వారి సందేహము వాదమువలన తీరలేదు. ఆయన బల్లయొద్ద రొట్టె విరిచినప్పుడు వారి కన్నులు తెరువబడెను.

ఈ పాట పాడిన ఆజీ ఆస్బర్న్ 2025 జూలై 22న మరణించెను. ఆయనకు తీర్పు తీర్చుట మన పని కాదు. మన పని మన ఇంటిలోనే యున్నది. మన పిల్లలు ఈ ప్రశ్నను మనయొద్ద అడుగగలరా? అడిగినవానిని గద్దించి పంపివేసినయెడల, రొట్టె వద్దన్నది వాడా, ఇయ్యనిది మనమా? వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడి. ప్రశ్నను పూర్తిగా విని, పిమ్మట ప్రభువు బల్లయొద్దకు వానితోకూడ నడువుడి. ఆమేన్.